ఒకటో తేదీన వచ్చే డబ్బు, మార్చి 31న పోయే డబ్బు

ప్రతి నెలా ఒకటో తేదీన, కొన్ని నెలల్లో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, పింఛను జమ అయిందని బ్యాంకు నుంచి నా ఫోనుకు సందేశం వస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ట్రెజరీ కార్యాలయాల్లో ముప్ఫై మూడేళ్ళు బిల్లులు పరిశీలించి, పాసు చేసి, కొన్నింటిని అభ్యంతరాలు రాసి తిప్పిపంపి, ఉద్యోగ విరమణ పొందినవాణ్ణి నేను. ఇప్పుడు తిరుపతిలో ఎం.ఆర్.పల్లె వైపు ఒక అద్దె ఇంట్లో నడుస్తున్న, మానసిక దివ్యాంగులైన పిల్లల పగటిబడికి లెక్కలు రాస్తున్నాను. జీతం లేని పని. నలభై ఆరుగురు పిల్లలు, ఐదుగురు టీచర్లు, ఇద్దరు ఆయాలు, వారానికి మూడు రోజులు వచ్చే ఒక ఫిజియోథెరపిస్టు, ఒక పాత వ్యాను. అంతే ఆ సంస్థ.

ఆ బడికి ఒక ప్రభుత్వ శాఖ నుంచి ఏటా రెండు విడతలుగా గ్రాంటు రావాలి. పోయిన ఆర్థిక సంవత్సరంలో రెండో విడతకు మంజూరు ఉత్తర్వు ఫిబ్రవరిలో అందింది. బిల్లు మార్చి రెండో వారంలో ఆన్‌లైన్‌లో నమోదైంది. మార్చి 31 రాత్రి పదకొండున్నరకు బడి కార్యదర్శి ఇంట్లో కూర్చుని మేమిద్దరం ఆ బిల్లు స్థితిని మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాము. మొదటి నుంచీ ఉన్న మాటే ఉంది. పన్నెండు దాటింది, బడ్జెట్ ల్యాప్స్ అయింది, అంటే ఆ సంవత్సరపు కేటాయింపు ఖర్చు కాకుండానే చెల్లకుండా పోయింది. మరుసటి ఆర్థిక సంవత్సరపు పింఛను మాత్రం నా ఖాతాలో యథావిధిగా పడింది. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉందా అని ఆమె నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఉందని చెప్పక తప్పేది కాదు, ఎందుకంటే ఆ సంబంధాన్ని కౌంటరు అవతలి వైపు నుంచి ఏళ్ళ తరబడి చూసినవాణ్ణి నేను.

ముందు ఒక మాట స్పష్టం చేయాలి. మన దగ్గర పింఛను అనగానే రెండు వేర్వేరు విషయాలు గుర్తుకు వస్తాయి. ఒకటి నాలాంటి విశ్రాంత ఉద్యోగికి వచ్చేది. బడ్జెట్ పుస్తకంలో అది 2071 అనే పద్దు కింద ఉంటుంది. రెండోది వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఒకటో తేదీన ఇంటి దగ్గరికి వెళ్ళి ఇచ్చే సామాజిక పింఛను. రెండింటి స్వభావం వేరు, చట్టబలం వేరు, వాటిని అందుకునే మనుషులు వేరు. అయితే నెల మొదటి వారంలో రెండూ ఒకే ఖజానా నుంచి వెళ్తాయి. ఆ వారం దాటాక మిగిలినదానిలోనే మిగతావన్నీ చూసుకోవాలి. అందుకే ఇక్కడ రెండింటి గురించీ రాస్తున్నాను, బరువు మాత్రం మొదటిదాని మీదే ఉంటుంది.

నేను చేరిన కాలంలో పింఛను అంటే ఎవరూ దాచిపెట్టిన సొమ్ము కాదు. చివరి మూలవేతనంలో సగం, దాని మీద కరువు భృతి, మరణించాక భార్యకో భర్తకో కుటుంబ పింఛను; ఇవన్నీ ఆ సంవత్సరం వచ్చే పన్నుల నుంచే ఇస్తారు. ఉద్యోగి పనిచేసిన కాలంలో అతని జీతం నుంచి గానీ ప్రభుత్వం వైపు నుంచి గానీ ఒక్క రూపాయి కూడా దీనికోసం పక్కకు తీయలేదు. ఉద్యోగులు తక్కువగా, ఆయుర్దాయం తక్కువగా ఉన్న రోజుల్లో ఇది పెద్ద బరువుగా కనిపించలేదు. తర్వాత డెబ్బయ్యో, ఎనభయ్యో దశకాల్లో పెద్దయెత్తున చేరిన టీచర్లు, గుమాస్తాలు, కానిస్టేబుళ్ళు వరుసగా విరమణ పొందారు. వేతన సవరణ జరిగినప్పుడల్లా పింఛన్లూ సవరణకు వచ్చాయి. డెబ్బై దాటినవారికి అదనపు పింఛను వచ్చింది. ఇందులో ఏదీ అన్యాయమని నేను అనను. అయితే ఇచ్చిన మాటకు తగిన నిధిని ఏ ప్రభుత్వమూ కూడబెట్టలేదన్నది లెక్కల పుస్తకం చెప్పే నిజం.

2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి రాష్ట్రంలో కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము వచ్చింది. కేంద్రంలో అదే సంవత్సరం జనవరి 1 నుంచి ఆ పద్ధతి మొదలైంది. ఉద్యోగి మూలవేతనం, కరువు భత్యం కలిపి పది శాతం కడితే ప్రభుత్వం కూడా తన వాటా జమ చేయాలి. చాలామంది గమనించని చిక్కు ఇక్కడే ఉంది. పాత పింఛనుదారులకు ఈ నెల పన్నుల నుంచి చెల్లిస్తూనే, కొత్త ఉద్యోగుల భవిష్యత్తు కోసం కూడా ఈ నెలే జమ చేయాలి. అంటే ఒకే తరం పన్నుదారులు రెండు తరాల పింఛన్లను మోస్తున్నారు. 2004లో పాతికేళ్ళ వయసులో పాత పద్ధతి కింద చేరిన మనిషి అరవై రెండేళ్ళకు విరమించేది 2041లో. ఆ తర్వాత ఆయన, ఆయన తర్వాత ఆయన భార్య పింఛను తీసుకుంటారు. కాబట్టి ఈ జోడు బరువు మరో పదిహేనేళ్ళకు పైగా తగ్గేది కాదు.

మన రాష్ట్రంలో విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరిలో 60 నుంచి 62కి పెరిగింది. ప్రతిసారీ రెండేళ్ళపాటు వయసు నిండి విరమించేవారు దాదాపు ఆగిపోయారు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకునే మొత్తం), సెలవుల నగదు చెల్లింపులూ ఆ మేరకు వెనక్కి జరిగాయి. ఆ రెండేళ్ళూ ఖజానాకు ఊపిరి అందిన మాట నిజమే, కానీ ఆ బాకీ రద్దు కాలేదు.

పాత పద్ధతికే తిరిగి వెళ్ళాలని దేశమంతా ఉద్యోగులు అడిగారు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ 2022, 2023 సంవత్సరాల్లో వెనక్కి వెళ్తామని ప్రకటించాయి. మన రాష్ట్రం 2023లో గ్యారంటీడ్ పెన్షన్ సిస్టమ్ పేరుతో చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని అమలులోకి తెచ్చి, అందులో తన వాటాను 18.5 శాతంగా పెట్టింది. రాష్ట్రాలన్నీ పాత పద్ధతికి వెళ్తే, మొత్తం భారం కొత్త పద్ధతి కింద అయ్యేదానికి నాలుగున్నర రెట్ల వరకు ఉండవచ్చని, 2060 నాటికి ఏటా స్థూల దేశీయోత్పత్తిలో 0.9 శాతం అదనంగా ఖర్చవుతుందని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు బులెటిన్‌లో వచ్చిన ఒక వ్యాసం లెక్కగట్టింది. ఈ చర్చలో ఉద్యోగ సంఘాల గొంతు వినిపించింది, ఆర్థికవేత్తల గొంతు వినిపించింది. ఆ డబ్బు చివరికి ఎవరి పళ్ళెం నుంచి తగ్గుతుందో చెప్పగల సేవాసంస్థలను మాత్రం ఎవరూ చర్చకు పిలవలేదు.

ఇక ఖజానా పని తీరు. నెలలో మొదట వెళ్ళేవి 010 పద్దు కింద జీతాలు, 2071 కింద పింఛన్లు, అప్పుల మీద వడ్డీలు, సామాజిక పింఛన్లు. డబ్బు చాలకపోతే రిజర్వు బ్యాంకు నుంచి చేబదులు, మంగళవారాల్లో జరిగే రుణపత్రాల వేలం. మంగళవారం వేలంలో మన రాష్ట్రం పేరు ఉందా లేదా అని నా తోటి పింఛనుదారులు పంచాంగం చూసినంత శ్రద్ధగా చూసిన రోజులున్నాయి. అప్పుకు కూడా హద్దు ఉంది. రాజ్యాంగంలోని 293 అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి ఉండాలి, ద్రవ్య బాధ్యత చట్టం ప్రకారం పరిమితి దాటకూడదు. పైన హద్దు, కింద తప్పనిసరి ఖర్చులు. మధ్యలో మిగిలిన కాస్త చోటులోనే రోడ్లు, కాంట్రాక్టర్ల బిల్లులు, హాస్టళ్ళ సరుకులు, సేవాసంస్థల గ్రాంట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడతాయి. గ్రాంట్-ఇన్-ఎయిడ్ పద్దు ఆ వరుసలో బక్కది. దానికి సమ్మె చేసే సంఘం లేదు, పని ఆపేస్తానని బెదిరించే కాంట్రాక్టరు లేడు.

నేను సర్వీసులో ఉన్నప్పుడు ఈ వరుసను ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు, అవసరమూ రాలేదు. కాగితపు బిల్లుల కాలంలో టోకెన్లు ఇచ్చేవాళ్ళము. 2018 ఏప్రిల్ నుంచి సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ ఆర్థిక వ్యవస్థ వచ్చాక అన్నీ కంప్యూటరులోకి మారాయి. పద్ధతి మారినా వరుస మారలేదు. ఆంక్షలు ఉన్న నెలల్లో జీతం బిల్లును ఆపాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. గ్రాంటు బిల్లును వదలాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే ఖజానా శాస్త్రంలో సగం తెలిసినట్టే.

ఈ తేడాకు కారణం అధికారుల నిర్దయ కాదని నా అభిప్రాయం. దాని వేరు చట్టంలో ఉంది. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో పింఛను ప్రభుత్వం దయతో ఇచ్చే భిక్ష కాదని, అది ఉద్యోగి ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసు తీర్పులో ఆ మాటను మరింత గట్టిగా చెప్పింది. ఆ తేదీనే మేము ఏటా పింఛనుదారుల దినోత్సవం జరుపుకుంటాము. 2020లో కరోనా వచ్చినప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం మార్చి నెల జీతాల్లో, పింఛన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. విశ్రాంత జిల్లా జడ్జి ఒకరు హైకోర్టుకు వెళ్ళారు. ఆపిన మొత్తాన్ని పన్నెండు శాతం వడ్డీతో చెల్లించాలని హైకోర్టు ఆదేశించింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని ఆరు శాతానికి తగ్గించింది గానీ, చెల్లించి తీరాలన్న మాటను నిలబెట్టింది. నాకు కూడా ఆ మేలు అందింది, కాదనను.

అదే నెలల్లో సేవాసంస్థలకు ఆగిపోయిన గ్రాంట్ల సంగతి వేరు. గ్రాంటు అనే మాటలోనే దాని జాతకం ఉంది. అది మంజూరు చేసేవారి విచక్షణ. ఫలానా సంస్థకు ఈ సంవత్సరం గ్రాంటు ఇచ్చారు గనుక వచ్చే ఏడాది కూడా ఇవ్వాలనే హక్కు ఆ సంస్థకు లేదు. ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టే పోలిక ఇంకొకటి ఉంది. ఒక చిన్న పరిశ్రమ ప్రభుత్వ కార్యాలయానికి బల్లలు చేసి ఇస్తే, 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. బల్ల చేసినవాడికి ఆ రక్షణ ఉంది. ప్రభుత్వం తరఫున నలభై ఆరుగురు పిల్లలను పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు చూసుకున్న సంస్థకు ఏ రక్షణా లేదు.

కోత అనేది బడ్జెట్ పుస్తకంలో కోతగా కనిపించదు. కేటాయింపు అలాగే ఉంటుంది, కొన్ని సంవత్సరాల్లో పెరుగుతుంది కూడా. డబ్బు విడుదల కావడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం మార్చి 31 దాటితే కోత అవుతుంది. తర్వాత వినియోగ ధ్రువపత్రం దగ్గర ఇంకో ముడి పడుతుంది. మొదటి విడత ఖర్చు చేసినట్టు పత్రం ఇస్తేనే రెండో విడత. మొదటి విడతే డిసెంబరులో వస్తే, ఏప్రిల్ నుంచి చేసిన ఖర్చును అప్పు తెచ్చి పెట్టినట్టు చూపాలి. కొందరు ఆడిటర్లు దాన్ని ఒప్పుకుంటారు, కొందరు గ్రాంటు రాకముందు చేసిన ఖర్చు గ్రాంటు ఖర్చు ఎలా అవుతుందని అడుగుతారు. నేను సర్వీసులో ఉండగా ఆ రెండో ప్రశ్న వేసినవాళ్ళలో ఒకణ్ణి. ఇప్పుడు జవాబు రాయవలసిన కుర్చీలో కూర్చున్నాను.

కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే పథకాల్లో ఇది మరీ వికటిస్తుంది. పిల్లల సంరక్షణ కోసం ఉన్న మిషన్ వాత్సల్య వంటి పథకాల్లో కేంద్రం వాటా 60, మన రాష్ట్రం వాటా 40. ఖజానా బిగుసుకున్నప్పుడు రాష్ట్రం తన 40 వెంటనే పెట్టలేదు; అది పెట్టకపోతే కేంద్రం తర్వాతి 60 కదలదు. నలభై రూపాయలు ఆపడం వల్ల వంద రూపాయల పని ఆగుతుంది. ఆ వంద రూపాయల పని చేసే సంస్థకు మాత్రం అద్దె, కరెంటు, జీతాలు నెలనెలా నూటికి నూరు శాతం ఉంటాయి.

మన బడికి మేలో అప్పు పెట్టిన సరుకుల దుకాణం కొర్లగుంటలో ఉంది. గ్రాంటు పోయిన సంగతి చెప్పడానికి నేనే వెళ్ళాను. యజమాని ఖాతా పుస్తకం తీసి, మా పేజీ తెరిచి, నా వైపు తిప్పి పెట్టాడు. బియ్యం, కందిపప్పు, నూనె, పల్లీలు, రాగిపిండి. పెన్సిలుతో రాసిన మొత్తం కింద గీత లేదు, అంటే లెక్క ముగియలేదని అర్థం. "పోయిన సంవత్సరందే ఇంకా ఉండాది సార్. పిల్లోళ్ళ కోసమని ఇస్తాండా, నాకూ పైన ఇచ్చుకోవాల గదా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ప్రభుత్వం ఆలస్యం చేసిన అప్పును ఎలాంటి వడ్డీ లేకుండా మోసినవాడు అతను. రాష్ట్ర అప్పుల పట్టికలో అతని పేరు ఎక్కడా ఉండదు.

టీచర్ల సంగతి ఇంతకంటే మొహమాటమైనది. ప్రత్యేక విద్యలో డిప్లొమా చేసి, పదకొండేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న అమ్మాయికి నెలకు మేము ఇస్తున్నది నా పింఛనులో నాలుగో వంతు కూడా కాదు. ఇరవై మంది సిబ్బంది లేరు గనుక భవిష్య నిధి చట్టం మాకు తప్పనిసరి కాదు. అదే తప్పనిసరి అయితే మాత్రం ఆమెకు ఒరిగేది ఎంత? ఉద్యోగుల పింఛను పథకం కింద కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి వెయ్యి రూపాయల దగ్గరే ఉంది. ప్రభుత్వం చేయవలసిన పనిని ప్రభుత్వం బదులు చేసే మనిషికి పింఛను లేదు, ఆ పనిని కాగితం మీద పరిశీలించిన నాకు ఉంది. ఒకరోజు ఆమె నా దగ్గరకు వచ్చి, "సార్, జీతం ఆలస్యమైనా ఫరవాలేదు, ఎప్పుడొస్తుందో తేదీ చెప్పండి, చీటీ కట్టాల," అంది. తేదీ చెప్పలేకపోయాను.

సామాజిక పింఛన్ల విషయానికి వస్తే, అవి బీదవారి చేతిలో పడే డబ్బు; వాటిని దండగ ఖర్చు అనేవారితో నాకు పొత్తు కుదరదు. 2014లో రెండు వందల రూపాయల నుంచి వెయ్యికి, 2019లో రెండు వేలకు, 2024 జనవరిలో మూడు వేలకు, అదే ఏడాది జులైలో నాలుగు వేలకు పెరిగాయి. దివ్యాంగులకు ఆరు వేలు, మంచానికే పరిమితమైనవారికి పదిహేను వేలు. ఆ జులైలో సుమారు 65 లక్షల మందికి పంచారు. తలా నాలుగు వేల చొప్పున చూసినా నెలకు 2,600 కోట్లు, ఏడాదికి 31,200 కోట్లు. వృద్ధాప్య పింఛనులో కేంద్రం ఇచ్చేది ఎనభై ఏళ్ళలోపు వారికి రెండు వందలు, ఆపైన ఐదు వందలు; మిగిలినదంతా రాష్ట్రానిదే.

ఈ పెరుగుదల వల్ల బడి దగ్గర ఒక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. మా పిల్లల్లో సదరం ధ్రువపత్రం (వైకల్యాన్ని నిర్ధారిస్తూ ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవారందరికీ ఆరు వేలు వస్తున్నాయి. ఇంటికి అది నిజంగా పెద్ద ఆసరా. దాంతో పాటే పై కార్యాలయాల్లో ఒక వాదన మొదలైంది: పిల్లవాడికి నేరుగా డబ్బు ఇస్తున్నాము కదా, మళ్ళీ సంస్థకు గ్రాంటు ఎందుకు? ఈ వాదన వినడానికి బాగుంటుంది. కానీ ఆరు వేలతో ఒక తల్లి ఫిజియోథెరపిస్టును నెలకు పన్నెండు రోజులు ఇంటికి పిలిపించుకోలేదు, ప్రత్యేక విద్య తెలిసిన టీచరును పెట్టుకోలేదు. నలభై ఆరు ఇళ్ళకు విడివిడిగా ఇచ్చిన డబ్బు కలిసి ఒక బడి కాదు. ఏప్రిల్‌లో ఒక తల్లి కొంగు ముడి విప్పి ఐదు వందల నోటు తీసి, బిడ్డ పింఛనులో నుంచి బడికని నా బల్ల మీద పెట్టింది. రసీదు రాసి ఇచ్చాను. రసీదు పుస్తకంలో దాత పేరు రాయవలసిన చోట ఆ అబ్బాయి పేరే రాయమంది.

తిరుపతిలో ఈ విషయం ఎవరితో ప్రస్తావించినా వచ్చే మొదటి ప్రశ్న, దేవస్థానం ఇవ్వదా అని. తిరుమల తిరుపతి దేవస్థానం తన ఆధ్వర్యంలో బాలమందిరం, చెవిటి పిల్లల పాఠశాల, ఎముకల చికిత్సకు ఉన్న బర్డ్ ఆసుపత్రి వంటివి నడుపుతోంది. బయటి సంస్థలన్నిటి ఖర్చూ మోయవలసిన బాధ్యత దానికి లేదు, ఉండాలని కోరడం సబబూ కాదు. హుండీ సొమ్మును ప్రభుత్వ గ్రాంటుకు బదులుగా లెక్కలోకి తీసుకోవడం మొదలైతే ప్రభుత్వానికి అంతకంటే సుఖం మరొకటి ఉండదు.

నా మేనకోడలు అమెరికాలో చికాగో దగ్గర ఉంటుంది. ఈ గొడవ ఫోనులో చెబితే, "మామయ్యా, ఇక్కడ దీనికంటే పెద్దది జరిగింది," అంది. తర్వాత నేనూ చదివాను. ఇల్లినాయ్ రాష్ట్రపు 1970 నాటి రాజ్యాంగంలో ప్రభుత్వోద్యోగుల పింఛను ప్రయోజనాలను తగ్గించరాదని రాసి ఉంది. 2013లో చేసిన పింఛను సంస్కరణ చట్టాన్ని 2015 మేలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాక్యం ఆధారంగానే కొట్టివేసింది. అదే ఏడాది జులై నుంచి గవర్నరుకూ శాసనసభకూ తగాదా వచ్చి రెండేళ్ళపాటు పూర్తి బడ్జెట్ లేకుండా పోయింది. ఆ తగాదాకు పింఛన్లు ఒక్కటే కారణం కాదు. కానీ బడ్జెట్ లేకపోయినా పింఛను నిధికి చెల్లింపులు, అప్పుల చెల్లింపులు చట్టప్రకారం సాగాయి, ఉద్యోగుల జీతాలు కోర్టు ఆదేశాలతో సాగాయి. ఆగినవి సేవాసంస్థల బిల్లులు. లూథరన్ సోషల్ సర్వీసెస్ ఆఫ్ ఇల్లినాయ్ అనే పెద్ద సంస్థ 2016 జనవరిలో ముప్ఫై కార్యక్రమాలు మూసివేసి, 750కి పైగా ఉద్యోగాలు తీసివేసింది. అక్కడ మనలాగా కాకుండా పింఛను కోసం నిధి ఉంది. ఆ నిధిలో వేయవలసినంత దశాబ్దాల తరబడి వేయలేదు, అంతే తేడా.

డెట్రాయిట్ నగరం కథ మరో వైపు నుంచి నడిచింది. 2013 జులైలో ఆ నగరం దివాలా పిటిషను వేసింది. పింఛన్లు భారీగా కోసివేయడమా, నగర చిత్రకళా సంగ్రహాలయంలోని బొమ్మలు అమ్ముకోవడమా అన్న పరిస్థితి వచ్చినప్పుడు ఫోర్డ్, క్రెస్గీ, నైట్ వంటి దాతృత్వ సంస్థలు కలిసి 36.6 కోట్ల డాలర్లు ఇస్తామని ముందుకు వచ్చాయి. రాష్ట్ర ప్రభుత్వం, సంగ్రహాలయం కూడా చేతులు కలిపాయి. సాధారణ పింఛనుదారులకు 4.5 శాతం కోత పడింది, ధరలతో పాటు ఏటా పెరిగే భాగం పోయింది, బొమ్మలు మిగిలాయి. మామూలుగా ప్రభుత్వ ధనం సేవాసంస్థలకు వెళ్ళాలి. అక్కడ సేవ కోసం దాచిన డబ్బు ప్రభుత్వం ఇచ్చిన మాటను నిలబెట్టడానికి వెళ్ళింది. ఆ ఒప్పందాన్ని చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం అది ముందు చూపు లేని లెక్కలకు కట్టిన జరిమానాలా కనిపిస్తుంది, కట్టినవారు తప్పు చేసినవారు కాకపోవడం అందులోని విశేషం.

ఈ మాటలు మా పింఛనుదారుల బెంచీ మీద చెబితే, నాకంటే ఆరేళ్ళు పెద్దవారైన ఒక మాజీ సహోద్యోగి, "ఏమప్పా, మన పింఛను తీసి బడికి ఇమ్మంటావా? డీఆర్ బకాయిలే రాలే, నువ్వు ఉన్నదాని మీద కన్నేస్తివే," అన్నారు. అలా అనలేదన్నా అని సర్దిచెప్పాను. ఆయన మాటలో న్యాయం ఉంది. కరువు భృతి బకాయిలు, వేతన సవరణ బకాయిలు మాకూ వాయిదా పడుతూనే ఉన్నాయి. ఖజానా ఇబ్బందిలో ఉన్నప్పుడు ఎక్కడ వాయిదా వేయడానికి వీలుంటే అక్కడ వేస్తుంది. పింఛనులో ఆ వీలు అంచుల దగ్గర మాత్రమే ఉంది, గ్రాంటులో మొత్తానికి మొత్తం ఉంది.

నేను కోరేది పింఛను కోత కాదు. సేవాసంస్థకు ఇచ్చేది దానం అన్న పేరుతో కాక, చేయించుకున్న పనికి ప్రతిఫలం అన్న ఒప్పందంతో ఇవ్వాలి. ఎంతమంది పిల్లలు, ఎన్ని రోజులు, తలకు ఎంత అని ముందే రాసుకోవాలి. మొదటి త్రైమాసికం సొమ్ము ఏప్రిల్‌లోనే అందాలి, మార్చి 31 నాటికి నమోదైన బిల్లు ల్యాప్స్ కాకుండా కొత్త సంవత్సరపు కేటాయింపులో మొదటి వరుసలో నిలవాలి, ఆలస్యానికి చిన్న పరిశ్రమలకు ఉన్నట్టే వడ్డీ ఉండాలి. వడ్డీ కట్టవలసి వచ్చే బిల్లుకు ఖజానాలో వచ్చే గౌరవం వేరని నేను కళ్ళారా చూశాను. ఇక పింఛను మీద కొత్త వాగ్దానం చేసే ప్రతి ప్రభుత్వమూ దాని ముప్ఫై ఏళ్ళ ఖర్చును, ఆ ఖర్చు ఏ పద్దుల నుంచి తగ్గుతుందో సహా, బడ్జెట్ పత్రాలతో పాటు సభ ముందు పెట్టాలి. ఆ పట్టిక చూశాక కూడా శాసనసభ సరే అంటే అనవచ్చు; తెలిసి చేసిన నిర్ణయం అవుతుంది.

2021లో ఎయిడెడ్ విద్యాసంస్థలను, అంటే ప్రభుత్వ సాయంతో నడిచే ప్రైవేటు విద్యాసంస్థలను, ప్రభుత్వానికి అప్పగించాలనో, లేదంటే ఎయిడ్ లేకుండా నడుపుకోవాలనో జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ వీధిలోకి రావడానికి వేలమంది తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు ఉన్నారు. మా బడిలో చదివినవారు ధర్నా చేయలేరు.

జూన్‌లో కమిటీ సమావేశం జరిగింది. ల్యాప్స్ అయిన విడతను తిరిగి మంజూరు చేయమని కొత్తగా ప్రతిపాదన పంపాము. పాత ప్రతిపాదనలోని కాగితాలన్నీ మళ్ళీ జతచేశాము. టీచర్ల జీతం ఒక నెల బాకీ పెట్టి, సరుకుల దుకాణానికి సగం కట్టాము. వ్యానుకు డీజిలు తగ్గించుకోవాలని రేణిగుంట వైపు ట్రిప్పు జులై నుంచి ఆపాము. ఆ దారిలో వచ్చే నలుగురు పిల్లల్లో ఇద్దరిని తల్లులు బస్సులో తీసుకువస్తున్నారు. మిగిలిన ఇద్దరి పేర్లు హాజరు పట్టీలో ఇంకా కొట్టివేయలేదు. వచ్చే ఏడాది గ్రాంటును సగటు హాజరు మీదే లెక్కగడతారు.